ఒకటే దుమ్ము, రెండు రకాల దవాఖాన చిట్టీలు

2025 సెప్టెంబరులో, దసరా ముందు, సింగరేణి లాభాల వాటా ప్రకటించినప్పుడు రెండు అంకెలు బొగ్గు బెల్టులోని వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగినయి. పర్మినెంటు కార్మికునికి సగటున 1,95,610 రూపాయలు. కాంట్రాక్టు కార్మికునికి 5,500 రూపాయలు. మన పిల్లలు ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోస్టులు వేసిండ్రు, కోపం చేసిండ్రు, పండుగ అయిపోయినంక మర్చిపోయిండ్రు. కోపం న్యాయమైనదే. పెట్టుబడుల కోసం పక్కకు తీసినంక మిగిలిన 2,360 కోట్ల లాభంలో 34 శాతం కార్మికుల వాటా అన్నరు. కాంట్రాక్టు వాళ్లకు ఇచ్చింది కలుపుకుంటే మొత్తం 819 కోట్లు. అందులో 30 వేల మంది కాంట్రాక్టు కార్మికుల చేతికొచ్చింది 16 కోట్ల 50 లక్షలు. అంటే పని చేసే చేతుల్లో వందకు నలభై రెండు చేతులు కాంట్రాక్టువి, వాటాలో వందకు రెండు రూపాయలు వాళ్లవి.

అయినా నేను ఈ రోజు బోనస్ గురించి రాయట్లేదు. బోనస్ ఏడాదికి ఒక్కరోజు ముచ్చట. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు ఒంటికి ఏదన్నా అయితే ఎవరు చూస్తరు, ముసలితనంల ఎవరు చూస్తరు అన్నది అసలు తేడా. ఆ తేడాను ఏ మంత్రీ ప్రెస్‌మీట్ పెట్టి చెప్పడు. అది ఫ్లెక్సీ మీద పడదు. దాన్ని లెక్కగట్టి చూస్తే లక్షా తొంభై ఐదు వేలకూ ఐదున్నర వేలకూ ఉన్న దూరం చిన్నగనే కనబడుతది.

ఇది మన పేజీల ఎందుకు అంటరేమో. సింగరేణి పుట్టిందే మన నేల మీద. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో ఏర్పడి, 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తీయడం మొదలుపెట్టింది. 1920లో ఆ కంపెనీకి సింగరేణి పేరొచ్చింది. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు, టేకులపల్లి దిక్కు కోయగూడెం ఓపెన్‌కాస్టు, తిర్యాణి దిక్కు కైరిగూడ, డోర్లి: వీటి కింద ఉన్నవి కోయల, గోండుల, కొలాముల, నాయకపోళ్ల పొలాలు, అడవులు. గోదావరిఖని, రామగుండం ఏజెన్సీలో లేవు. కానీ అక్కడి ఓపెన్‌కాస్టుల మట్టి తీసే కంపెనీల్లో డంపర్ మీద ఎవరున్నరు, డ్రిల్లు దగ్గర ఎవరున్నరు, బంకర్ కింద పార పట్టి ఎవరున్నరు అని ఒక్కసారి షిఫ్ట్ విడిచే టైముకు గేటు దగ్గర నిలబడి చూడండి. తిర్యాణి పిల్లగాడు కనబడతడు, మంగపేట పిల్లగాడు కనబడతడు.

వాళ్ల తాతల కాలంల అయితే పర్మినెంటు అయ్యేటోళ్లు. 1990ల మొదట్ల సింగరేణిలో లక్షకు పైన పర్మినెంటు కార్మికులుండేది. ఇప్పుడు 41 వేల దాకా. బొగ్గు తగ్గిందా అంటే తగ్గలే, పెరిగింది. 2024–25లో 6 కోట్ల 90 లక్షల టన్నులు తీసిండ్రు. తగ్గింది మస్టర్ పుస్తకంలో పేర్లు మాత్రమే. పర్మినెంటు కొలువుకు ఎస్టీ రిజర్వేషన్ ఉంటది. 2022లో రాష్ట్రంల దాన్ని 10 శాతం చేసిండ్రు, మనం పండుగ చేసుకున్నం. ఓబీ కాంట్రాక్టరు దగ్గర రిజర్వేషన్ లేదు, రోస్టర్ లేదు. కొలువులు కంపెనీ నుంచి కాంట్రాక్టులోకి మారిన కొద్దీ మన పది శాతం ఏ కాగితం మార్చకుండనే కరిగిపోతాంది.

ముందు ఒక మాట చెప్పాలె. పర్మినెంటు కార్మికులకున్న సౌకర్యాల మీద మనకు ఏడుపు వద్దు. అవి ఎవరూ దయతలచి ఇచ్చినవి కావు. బొగ్గుగని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం 1948లో వచ్చింది. దానితోనే సీఎంపీఎఫ్. కంపెనీ దవాఖాన, అక్కడ కాకపోతే హైదరాబాద్ పెద్దాసుపత్రికి రిఫర్ చిట్టీ, సిక్కు సెలవు, గ్రాట్యుటీ, దిగిపోయినంక భార్యాభర్తలకు మెడికల్ కార్డు. ఒక్కొక్కటి సమ్మెలతోటి, వేజ్‌బోర్డు ఒప్పందాలతోటి వచ్చింది. ఆ హక్కులు మన ఇంట్లో కూడా కొందరికి ఉన్నయి. నేను అడిగేది వాళ్ల పళ్లెం లాక్కొనుడు గురించి కాదు.

అసలు తేడా ఎక్కడుందో తెలియాలంటే ఒక్క మాట పట్టుకుంటే చాలు: అన్‌ఫిట్.

బెల్టు ఏరియాలో ఈ ఇంగ్లిష్ మాట రాని ముసలమ్మ లేదు. పర్మినెంటు కార్మికుని గుండెకో, వెన్నుపూసకో, కండ్లకో జబ్బు చేసి బాయి పనికి పనికిరాడని కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్‌లో మెడికల్ బోర్డు రాస్తే, అతని వారసునికి కొలువు అడిగే దారి ఉంది. దీని వెనక పెద్ద కథ ఉంది. వారసత్వ ఉద్యోగాలు చాలా ఏండ్లు ఆగిపోయినయి. 2016లో మళ్లీ ఇస్తమని ప్రకటించిండ్రు. 2017లో హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టులో కూడా నిలవలే. ఆ తర్వాత జబ్బు పడ్డవారికే పరిమితం చేసి కారుణ్య నియామకాలని పేరు పెట్టి తెచ్చిండ్రు. దాని చుట్టూ జరిగే బోర్డు తారీఖుల కోసం ఎదురుచూపులు, దళారుల మాటలు, అప్పులు వేరే వ్యాసం అయితది. ఇక్కడ మనకు కావలసింది ఒకటే. పర్మినెంటు మనిషి ఒళ్లు చెడిపోతే, చెడిపోయిందని ఒక బోర్డు కూర్చొని చూస్తది, రాస్తది, ఆ రాతకు ఒక విలువ కడుతది. అన్‌ఫిట్ అంటే ఆ ఇంట్ల కొడుక్కో బిడ్డకో కొలువు.

కాంట్రాక్టు మనిషికి అదే వెన్నుపూస, అదే గుండె. అతనికి అన్‌ఫిట్ అంటే రేపటినుంచి రావద్దు అని. ఏ బోర్డూ కూర్చోదు. సూపర్‌వైజరు ఫోను చేసి చెప్తడు. ఒక్కోసారి ఫోను కూడా చేయడు, మస్టర్ పడదంతే.

మా మేనబావ ఒకాయన ఒక ఓపెన్‌కాస్టుల పదకొండేండ్లు డంపర్ నడిపిండు. అదే క్వారీ, అదే దారి, అదే మట్టి గుట్ట. పదకొండేండ్లల మూడు కంపెనీల పేర్లు మారినయి. టెండర్ అయిపోయినప్పుడల్లా పాత కంపెనీ పోయేది, కొత్త కంపెనీ వచ్చేది, బండి మీద పేరు మారేది, నడిపేది మాత్రం మా బావనే. నడుము పోయి ఇంట్ల పడ్డప్పుడు గ్రాట్యుటీ గురించి అడిగితే, మా దగ్గర నీ సర్వీసు మూడేండ్లే కదా అన్నరు. అప్పటి చట్టం కింద గ్రాట్యుటీకి ఐదేండ్ల నిరంతర సర్వీసు ఉండాలె. టెండర్ మూడేండ్లది. ఈ రెండు అంకెలను పక్కన పెట్టి చూస్తే ఇంక ఎవరూ ఏమీ వివరించనక్కర లేదు. ఒక మనిషి ఒకే క్వారీల ఇరవై ఏండ్లు చేసినా కాగితం మీద ఎప్పుడూ కొత్తగా చేరినోడే.

ఇక వైద్యం. మామూలు ఫ్యాక్టరీల పనిచేసే తక్కువ జీతం మనిషికి ఈఎస్ఐ ఉంటది. హైదరాబాద్‌ల బిస్కట్ కంపెనీల ప్యాకింగ్ చేసే అమ్మాయికి ఈఎస్ఐ కార్డు ఉంటది. కానీ 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఫ్యాక్టరీ అంటే ఏందో చెప్పేటప్పుడు, గనుల చట్టం కిందికి వచ్చే గనిని అందులోంచి తీసేసింది. అప్పట్ల దానికి అర్థం ఉన్నది. బొగ్గుగనుల కార్మికులకు 1947 నుంచే వేరే సంక్షేమ నిధి చట్టం ఉండేది, దాని కింద దవాఖానలుండేవి. ఆ నిధి చట్టాన్ని 1986లో రద్దు చేసిండ్రు. బొగ్గు కంపెనీలే కార్మికులను చూసుకుంటయి అన్నది లెక్క. కంపెనీ చూసుకున్నది కూడా, కానీ తన మస్టర్ మీద ఉన్నవాళ్లను. ఆ తర్వాత మస్టర్ బయట వేల మంది పెరిగిండ్రు. ఈఎస్ఐ చట్టం వీళ్లను గని వాళ్లు అన్నది, గని కంపెనీ వీళ్లను కాంట్రాక్టరు వాళ్లు అన్నది. రెండు గోడల మధ్య సందుల పడ్డరు మనోళ్లు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినయని కేంద్రం ప్రకటించింది. ఆ పాత చట్టాలు కోడ్‌లలో కలిసిపోయినయి. ఈ సందును ఇప్పటికైనా పూడుస్తరా అన్నది మన నాయకులు అడగవలసిన మొదటి ప్రశ్న.

డ్యూటీల దెబ్బ తగిలితే కంపెనీ దవాఖానకు తీసుకపోతరు, అది నిజమే. కానీ బీపీ, షుగరు, ఇంటామె కాన్పు, పిల్లగాని జ్వరం, హైదరాబాద్ రిఫర్, వీటిల్ల పర్మినెంటు కుటుంబంతో సమానమైన హక్కు కాంట్రాక్టు కుటుంబానికి లేదు. కంపెనీ దవాఖానల వార్డు ఊడ్చి తుడిచే ఆడోళ్లు కాంట్రాక్టు కార్మికులే. రోజూ ఆమె పరుపు దులిపే మంచం మీద తన పిల్లగాన్ని పండబెట్టే హక్కు పర్మినెంటు నర్సుకున్నంత ఆమెకు లేదు.

మరి పెద్ద జబ్బొస్తే ఏం చేస్తున్నరు? ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలు చేసిండ్రు, మంచిదే, అది లేకపోతే మనోళ్లు ఇంకా సచ్చేటోళ్లు. కానీ కొంచెం ఆలోచించండి. బొగ్గు తీసి లాభం సంపాదించేది కంపెనీ. టెండర్ రేటు తగ్గించి మిగుల్చుకునేది కంపెనీ, కాంట్రాక్టరు. ఆ పనిల చెడిపోయిన ఒళ్లును బాగుచేసే ఖర్చు ఆరోగ్యశ్రీ మీద, అంటే తెలంగాణల ఉప్పు పప్పు కొని పన్ను కట్టే ప్రతి మనిషి మీద. కాంట్రాక్టు పద్ధతి చౌక అని అంటరు. చౌక ఎవరికి? ఖర్చు మాయం కాలే, వేరేటోళ్ల పద్దుల రాసిండ్రు, అంతే.

దుమ్ము సంగతి ఇంకా అన్యాయం. బొగ్గు దుమ్ముతో, రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఒక్కరోజుల రాదు. పదేండ్లు, పదిహేనేండ్లు పడుతది. పని మానేసినంక కూడా బయటపడుతది. పాత గనుల చట్టం ప్రకారం అది నోటిఫై చేయాల్సిన జబ్బు, పాత నష్టపరిహారం చట్టంలో కూడా ఉండేది. గనిల పనిచేసే ప్రతి మనిషికీ, కాంట్రాక్టు అయినా సరే, చేరేటప్పుడూ ఆ తర్వాత గడువుల వారీగానూ వైద్య పరీక్ష చేయాలని 1955 నాటి గనుల నియమాలు చెప్పినయి. ఆ పరీక్ష అయితది. ఆ కాగితం కాపీ మీ దగ్గర ఉన్నదా? చేతులెత్తండి అంటే ఎంతమంది ఎత్తుతరు? జబ్బు బయటపడేది పదిహేనేండ్లకు. కాంట్రాక్టరు ఉండేది మూడేండ్లు. పదిహేనో ఏట డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎక్కడ పనిచేసినవ్ అని అడిగితే చూపెట్టడానికి ఒక్క చీటీ ఉండదు. టీబీ అని రాసి మందులిస్తరు.

రాజస్థాన్‌ల రాళ్ల గనుల్ల పనిచేసేటోళ్లు, అందుల ఎంతోమంది ఆదివాసులు, దళితులు, ఇదే గోడకు తల కొట్టుకున్నరు. వాళ్లకు యజమాని ఎవరో చూపెట్టే కాగితమే లేదు. ఏండ్ల తరబడి కొట్లాడినంక 2019లో అక్కడి ప్రభుత్వం ఒక పాలసీ తెచ్చింది. సిలికోసిస్ అని బోర్డు ధ్రువీకరిస్తే 3 లక్షలు, మనిషి పోతే ఇంటికి ఇంకో 2 లక్షలు, నెలనెలా పింఛన్. యజమానిని నువ్వు చూపెట్టు అని రోగి మీద భారం వేయకుండ, జబ్బునే రుజువుగా తీసుకున్నరు. పైసలు సరిపోవు, ధ్రువీకరణ ఆలస్యం అయితాంది, ఇవన్నీ ఉన్నయి. కానీ దారి ఒకటి ఉన్నదని తెలిసింది కదా.

చావు దగ్గర కూడా రెండు లెక్కలే. 2020 జూన్ 2న రామగుండం–3 ఏరియా ఓసీపీ–1ల పేలుడు జరిగి నలుగురు చచ్చిపోయిండ్రు. నలుగురూ కాంట్రాక్టు కార్మికులే. బ్యాంకు జీతం ఖాతాతో ముడిపెట్టిన ప్రమాద బీమా గురించి 2024లో గొప్పగ చెప్పిండ్రు: పర్మినెంటు వాళ్లకు కోటికి పైన, కాంట్రాక్టు వాళ్లకు 30 లక్షలు. ముందు ఏమీ లేనిదానికి 30 లక్షలు నయమే, కాదనను. కానీ పేలుడుకు ఎవరు పర్మినెంటో ఎవరు కాంట్రాక్టో తెలుస్తదా?

ఇప్పుడు పర్మినెంటు దిక్కు కూడా చూద్దాం, ఎందుకంటే అక్కడ కూడా బంగారం ఏమీ పరచి లేదు. జీతం ఉన్నన్ని రోజులు గోదావరిఖని మార్కెట్ల కార్మికునికి విలువ. దిగిపోయిన తెల్లారి లెక్క మారుతది. 1998 నాటి బొగ్గుగనుల పింఛన్ పథకంల, చివరి పది నెలల సగటు జీతంల ఎక్కువలో ఎక్కువ పాతిక శాతం పింఛన్. దానికి కరువు భత్యం లేదు. దిగిపోయిన నాడు ఎంతనో సచ్చేదాక అంతే. 8 వేల జీతంతో దిగిన మనిషికి పాతిక శాతం అంటే 2 వేలు. ఇరవై ఏండ్ల కింద 2 వేలతో ఇల్లు గడిచేది. ఇప్పుడు గ్యాస్ బండకు, షుగరు గోలీలకు కూడా చాలదు. ఆయన పోతే భార్యకు అందుల కూడా కోత. ఆసరా పింఛన్ 2,016 రూపాయలు. దానికన్న తక్కువ బొగ్గు పింఛన్ తీసుకునే కార్మికుల భార్యలు బెల్టుల ఉన్నరు. నలభై ఏండ్లు చీకట్ల చేసిన మనిషి కుటుంబానికి ఇది.

2023 మేలో పదకొండో వేజ్ ఒప్పందం అయి 19 శాతం జీతం పెరిగినప్పుడు, అంతకుముందే దిగిపోయినోని పింఛన్ ఒక్క రూపాయి కదల్లే. గ్రాట్యుటీ పరిమితి 10 లక్షల నుంచి 20 లక్షలు చేసినప్పుడు బొగ్గు పరిశ్రమల అధికారులకు 2017 జనవరి 1 నుంచి లెక్కగట్టిండ్రు, కార్మికులకు 2018 మార్చి 29 నుంచి. ఆ పదిహేను నెలల మధ్య దిగిపోయిన కార్మికుడు ఏం పాపం చేసిండు? ఇంకోటి. మన పీఎఫ్ పైసలు దాచిపెట్టే సీఎంపీఎఫ్ సంస్థ డీహెచ్ఎఫ్ఎల్ అనే ఇండ్ల అప్పుల కంపెనీ బాండ్లల్ల పెట్టుబడి పెట్టింది. ఆ కంపెనీ మునిగింది. 700 కోట్లకు పైన పద్దుల్లోంచి కొట్టేసుకున్నరు. బాయిల పారతో సంపాదించింది బొంబాయిల కాగితం మీద పోయింది. దీని మీద ఎన్ని గేట్ మీటింగులు అయినయి? నాకు గుర్తున్నంత వరకు బోనస్ శాతం మీద అయినన్ని కాలే.

దిగిపోయినంక వైద్యానికి మెడికల్ కార్డు పథకం ఉన్నది. కార్మికుడు 40 వేలు కడితే భార్యాభర్తలకు కలిపి 8 లక్షల దాకా వైద్యం. వినడానికి బాగనే ఉంటది. అది ఏడాదికి కాదు, బతుకు మొత్తానికి. అరవై ఒకటో ఏట దిగిన మనిషి ఇంకో ఇరవై ఏండ్లు బతికితే, ఒక గుండె ఆపరేషను, ఒక మోకాలు, కొన్ని ఐసీయూ రోజులు. కార్పొరేటు దవాఖానల బిల్లు చూసినోళ్లకు 8 లక్షలు ఎంత తొందరగ అయిపోతయో తెలుసు.

అందుకే నేను అంటున్న, దిగిపోయిన ముసలాయన, కాంట్రాక్టు పిల్లగాడు ఒకరికొకరు శత్రువులు కారు. ఒకరు లెక్కల నుంచి తీసేయబడ్డరు, ఇంకొకరు లెక్కలకే ఎక్కలే. పైగా సీఎంపీఎఫ్ పింఛన్ నిధి లెక్క చూస్తే ఇద్దరి బతుకు ఒకదానికొకటి ముడిపడి ఉన్నది. పనిచేసేటోళ్లు కట్టే చందాతో దిగిపోయినోళ్ల పింఛన్ నడుస్తది. పర్మినెంటు వాళ్లు లక్ష నుంచి 41 వేలకు వచ్చిండ్రు, పింఛన్ తీసుకునేటోళ్లు పెరిగిండ్రు. కాంట్రాక్టు కార్మికులందరి పేర్ల మీద, అసలు జీతం మీద, చందా సక్కగ కడితే ఆ నిధికి బలం. కట్టకపోతే ఇద్దరికీ నష్టం. ముసలాయన సంఘం ఈ ఒక్క ముక్క అర్థం చేసుకుంటే కాంట్రాక్టు పిల్లల ధర్నాకు ముందుగాల వచ్చి కూసుంటది.

మరి పైసలెక్కడివి అని అడుగుతరు. మంచి ప్రశ్న. 1946లో అమెరికాల బొగ్గుగని కార్మికులు సమ్మె చేస్తే ప్రభుత్వం గనులను తన చేతిలోకి తీసుకున్నది. అప్పుడు జాన్ ఎల్. లూయిస్ అనే సంఘం నాయకుడు ఒక ఒప్పందం రాయించిండు: తీసిన ప్రతి టన్ను బొగ్గు మీద ఐదు సెంట్లు కార్మికుల సంక్షేమ, విరమణ నిధికి. జీతంల కోత కాదు, బొగ్గు మీద. ఎవడు తీసిండు, ఏ కంపెనీ మస్టర్ అన్నది అడగనక్కర లేదు, టన్ను బయటికొస్తే పైసలు పడతయి. ఆ నిధితోటే 1956 నాటికి కొండ ప్రాంతాలల్ల పది దవాఖానలు కట్టిండ్రు. తర్వాత బొగ్గు తగ్గినప్పుడు ఆ నిధికి తిప్పలొచ్చినయి, దవాఖానలు చేయిదాటినయి, అది కూడా చెప్పాలె. టన్ను మీద ఆధారపడే నిధి, మంచి రోజులల్లనే దాచుకోవాలె.

మన దగ్గర కూడా ఈ ఆలోచన కొత్తది కాదు. పింఛన్ నిధికి టన్నుకు 10 రూపాయలు ఇవ్వడానికి కోల్ ఇండియా ఒప్పుకున్నది. ఇప్పుడు మనం లెక్కేద్దాం. సింగరేణి ఏడాదికి 6 కోట్ల 90 లక్షల టన్నులు. టన్నుకు 10 రూపాయలు కాంట్రాక్టు కార్మికుల వైద్య, విరమణ నిధికి పెడితే 69 కోట్లు. 30 వేల మందికి పంచితే మనిషికి ఏడాదికి 23 వేలు. అందుల సగం పెడితే కుటుంబానికి మంచి వైద్య బీమా వస్తది, మిగతా సగం మనిషి పేరు మీద దాస్తే, కాంట్రాక్టరు మారినా కదలని ఖాతా అయితది. వేల రూపాయలకు అమ్ముడుపోయే టన్ను మీద 10 రూపాయలు. ఒక టీ పైసలు.

బొగ్గు రేటు పెరుగుతది, పోటీల నిలబడలేం, ప్రైవేటు బ్లాకులు వచ్చినయి అని యాజమాన్యం అంటది. బ్లాకుల వేలం మీద 2021 డిసెంబరుల మూడు రోజులు సమ్మె చేసింది కార్మికులే కదా, కంపెనీని కాపాడమని. రాష్ట్ర విద్యుత్ సంస్థలు సింగరేణికి వేల కోట్లు బాకీ పడ్డప్పుడు పోటీ గుర్తుకు రాదు, రామగుండం మెడికల్ కాలేజీకి 500 కోట్లు ఇస్తమన్నప్పుడు గుర్తుకు రాదు. మెడికల్ కాలేజీ కావాలె, నేను వద్దనను. కానీ పక్క గోడ అవతల కాంట్రాక్టు కార్మికునికి టన్నుకు 10 రూపాయలంటే మాత్రం కంపెనీ మునిగిపోతదట.

ఇంకో మాట అంటరు: వాళ్లు మా కార్మికులు కారు, కాంట్రాక్టరు వాళ్లు. దీనికి చట్టమే జవాబు చెప్పింది. ఓబీ తీతతో సహా కొన్ని బొగ్గుగని పనులల్ల కాంట్రాక్టు కూలీలను పెట్టొద్దని కేంద్రం 1975లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఎప్పుడూ ఉండే పనికి కాంట్రాక్టు వద్దని వేజ్ ఒప్పందంలనే రాసుకున్నరు. 2024 మార్చి 12న మహానది కోల్‌ఫీల్డ్స్ కేసుల సుప్రీంకోర్టు, అట్లాంటి పనే చేస్తున్న 13 మందిని పక్కన పెట్టడం తప్పన్నది, వాళ్ల రెగ్యులరైజేషన్‌ను నిలబెట్టింది. ఒరిస్సాల ఒక చిన్న గుంపు గెలిచింది. వాళ్ల దగ్గర కాగితాలున్నయి, సంఘం వదలలేదు.

కోల్ ఇండియా 2013లో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు ఒప్పుకున్నది. నైపుణ్యం లేని పనికి కూడా అప్పట్ల రోజుకు 464 రూపాయలు. అదే సింగరేణిలో అమలు చేయమని 2022 సెప్టెంబరు 9 నుంచి 18 రోజులు మన కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసిండ్రు. దసరా ముందు, జీతాలు లేకుండ. ఆ సమ్మె చూసినోళ్లకు తెలుసు, ఎక్కువ మాట్లాడింది ఆడోళ్లు. కానీ 2023 డిసెంబరు 27న గుర్తింపు సంఘం ఎన్నికలు వస్తే వాళ్లకు ఓటు లేదు. యాజమాన్యంతో బల్ల ముందు కూసునే సంఘాన్ని ఎన్నుకునేది పర్మినెంటు వాళ్లే. ఓటు లేనోళ్ల దవాఖాన గురించి ఓటుతో గెలిచినోడు ఎంతసేపు మాట్లాడతడు?

ఊర్ల గురించి కూడా ఒక మాట. 2015 గనుల చట్టం సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. గని ప్రభావం పడ్డ ఊర్ల వైద్యం, నీళ్లు, చదువు దానిల ముందు వరుస. షెడ్యూల్డు ఏరియాల ఆ నిధి ఖర్చు పెసా చట్టానికి, గ్రామసభకు లోబడి ఉండాలని చట్టంలనే ఉంది. కైరిగూడ పక్క గూడేలల్ల, కోయగూడెం పక్క ఊర్లల్ల దుమ్ము పీల్చేటోళ్లందరికీ ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష చేయించమని ఆ నిధి మీద గ్రామసభ తీర్మానం రాయొచ్చు. సీసీ రోడ్డు తీర్మానం రాసిన చేతితోనే ఇది కూడా రాయొచ్చు.

ఇక పనిల ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ వారం చేయగలిగినవి కొన్ని. మీ సీఎంపీఎఫ్ నంబరు ఏందో తెలుసుకోండి. గోదావరిఖనిల, కొత్తగూడెంల దాని ఆఫీసులున్నయి. పోయి మీ పేరు మీద ఎన్ని నెలలు, ఎంత జీతం మీద పైసలు పడ్డయో అడగండి. జీతం చీటీ ప్రతి నెల ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకోండి, కాంట్రాక్టరు మారినా ఫొటో మారదు. మస్టర్ పడ్డ రోజులు సొంత నోట్‌బుక్కుల రాసుకోండి. వైద్య పరీక్ష అయినప్పుడు కాపీ అడగండి, ఇయ్యకపోతే రాతపూర్వకంగ అడగండి, అడిగిన కాగితం మీద సంతకం, తారీఖు వేయించుకోండి.

కొంచెం చదువుకున్నోళ్లకు ఇంకో పని. ప్రతి ఓబీ పనికి ముందు టెండర్ కాగితం ఉంటది. అందుల కార్మికుల వైద్యానికి, పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి ఎంత లెక్కగట్టిండ్రు, కొత్త కాంట్రాక్టరు పాత కార్మికులను సర్వీసుతో సహా తీసుకోవాలని షరతు ఉన్నదా లేదా, అందులనే తేలుతది. పని మొదలైనంక కొట్లాడితే కాంట్రాక్టరు నాకు రేటు రాలే అంటడు. కాబట్టి మీ ఏరియాల ఇప్పుడు నడుస్తున్న కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతదో ముందు తెలుసుకోండి. సమాచార హక్కు కింద ఆ టెండర్ షరతుల కాపీ, కట్టిన పీఎఫ్ చలాన్ల కాపీ అడగండి. పది రూపాయల ఫీజు. దరఖాస్తు రాయడం రాకపోతే కామెంట్ల ఏరియా పేరు పెట్టండి, మన పిల్లలు రాసిస్తరు.